గుమ్మం బయట తుంగమోపు

మీనాబ్రాన్, డొనెగల్
9 సెప్టెంబరు 1956

నాబ్లా వదినగారికి,

నమస్కారాలు. కవరు మీద నా చేతిరాత చూసి పొయ్యిలో పడేయకుండా ఇక్కడిదాకా వచ్చారంటే, దయచేసి మిగతాది కూడా చదవండి. ఈ ఉత్తరం సంగతి మీ తమ్ముడికి తెలియదు. తెలిస్తే ఏమంటారో కూడా నాకు తెలియదు. ఇల్లు కూలుతోందని చెప్పినా "ఊఁ" అనే మనిషి ఆయన. ఆ "ఊఁ"ల్లో తేడాలు కనిపెట్టడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది.

మీరు ఇల్లు విడిచి మూడున్నరేళ్ళు దాటింది. క్రిస్మస్‌కి ఆయన పేర కార్డు వస్తుంది. అందులో నా పేరు ఉండదు. ఫిర్యాదు చేయడం లేదు, చూశానని చెబుతున్నానంతే.

పోయిన వారం ఇంటికి కొత్త గడ్డి కప్పించాం. పాతది దింపుతుంటే దూలాల మీద తుంగ శిలువలు వరసగా బయటపడ్డాయి. బ్రిజిడ్ పండక్కి ఏడాదికొకటి చొప్పున అల్లినవి, మీ నాయనమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉన్నాయట. పాతవి మసిపట్టి, ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. కప్పు వేసేవాడు "ఈ చెత్తంతా ఏం చెయ్యమంటావయ్యా?" అన్నాడు. మీ తమ్ముడు నిచ్చెన మీంచి వాణ్ణి కసిరిన కసురుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఒక్కొక్కటీ తనే దుప్పట్లోకి దించి, మళ్ళీ దేని మేకుకి దాన్ని తగిలించారు. ఆ పని చేస్తున్నంతసేపూ మీ పేరు ఎత్తలేదు. కానీ మీరు కింద నిలబడి చూస్తున్నట్టే జాగ్రత్తపడ్డారు.

ఇక అసలు సంగతి. నాకు ఐదో నెల. ఇంతకు ముందు రెండుసార్లు ఈపాటికే పోయింది. మీకెవరూ చెప్పి ఉండరు. ఫిబ్రవరి మొదటి వారం అంటోంది నర్సమ్మ. మన పక్కింటి కాసీ ముసలమ్మ మాత్రం, "నర్సు సంగతి నర్సుది. ఈ ఇంట్లో బ్రిజిడ్ గుడ్డ ఉండాలే, ఏటా ఆవిడ పండగ ముందు రాత్రి పొద మీద వేసి మంచుకి తడిపేది, మీ అత్త ఇద్దరు బిడ్డల్నీ దాంతోనే కన్నది. నాబ్లా పట్టుకుపోయింది. అడుగు" అంది.

అడుగుతున్నాను వదినగారూ. ఆ గుడ్డ పంపుతారా? ఉతికితే దాని బలం పోతుందట కదా, కాన్పు కాగానే ఉతక్కుండా, మడత చెదరకుండా మీకు తిరిగి పంపేస్తాను.

మీ మరదలు,
నోరీన్

*

బండోరన్
23 సెప్టెంబరు 1956

శ్రీమతి మానస్ బాయిల్ గారికి,

మీ ఉత్తరం చేరింది. మీరు అడిగిన గుడ్డ నా దగ్గర లేదు. ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది.

కొత్త కప్పు వేయించినందుకు సంతోషం. పడమటి మూల ఎప్పుడూ గాలికి లేస్తుంది. అక్కడ రెండు వరసలు ఎక్కువ తాళ్ళు కట్టించకపోతే డిసెంబరులో మంచం మీదికి వాన వస్తుంది.

పొయ్యిలో కాల్చే టర్ఫ్ మట్టిగడ్డల గంప మీరు మోయకండి. రోజుకి కావలసిన గడ్డలు మానస్‌ని పొద్దున్నే లోపల పడేయమనండి. బావి దగ్గర మెట్టు నాచుపట్టి ఉంటుంది, అటు వెళ్ళకండి. ఇది సలహా కాదు. ఇక్కడ నేను వండిపెట్టే బోర్డింగ్ హౌస్‌లో ఎవరు కడుపుతో ఉన్నా చెప్పే మాటే.

ఇట్లు,
ఎన్. బాయిల్

*

మీనాబ్రాన్
12 నవంబరు 1956

వదినగారికి,

పడమటి మూల రెండు వరసలు ఎక్కువ కట్టించాం. కట్టమని చెప్పింది ఎవరని మీ తమ్ముడు అడిగారు. నాకే తోచిందన్నాను. నా వంక అదోలా చూశారు. ఆయనకి అర్థమైందనే నా అనుమానం, ఎందుకంటే మర్నాటి నుంచీ ఆయనే రోజూ పోస్టుమాన్‌కి ఎదురువెళుతున్నారు.

ఏడో నెల వచ్చింది. ఇంత దూరం నేనెప్పుడూ రాలేదు. లోపల తంతుంటే నవ్వొస్తుంది, వెంటనే భయం వేస్తుంది. పగలంతా ధైర్యంగానే ఉంటాను. ఎప్పుడైనా రెండు గంటలు కదలకుండా ఉంటే చాలు, చేస్తున్న పని వదిలేసి కుర్చీలో కూలబడతాను. చల్లటి పాలు తాగితే కదులుతుందని కాసీ చెప్పింది. మా ఆవు పాలు సగం నాకే సరిపోతున్నాయి.

నిన్న మార్టిన్ పండగకి కోడిని కోసి గుమ్మానికి రక్తం బొట్టు పెట్టింది కూడా కాసీయే. ఆ తర్వాత పొయ్యి దగ్గర పెద్ద వాదన జరిగింది. ఫాదరు గారు వచ్చి కూర్చున్నారు. బ్రిజిడ్ మఠం కట్టిన పుణ్యాత్మురాలనీ, చావుబతుకుల్లో ఉన్న ఒక నాయకుడి పక్కన కూర్చుని నేల మీద పరిచిన తుంగ తీసి శిలువ అల్లి చూపించిందనీ, అప్పటి నుంచే ఈ పండగ అనీ అన్నారు. బడిపంతులు ఊరుకోడు కదా, "అంతకు ముందే ఆ పేరుతో ఒక దేవత ఉండేది ఫాదర్, నిప్పూ పాడీ ఆవిడవే, వసంతం మొదటి రోజూ ఆవిడదే" అన్నాడు. ఇద్దరూ గొంతులు పెంచారు. కాసీ టీ పోస్తూ, "ఇద్దరూ ఒక మనిషేనయ్యా. శాలువా మార్చుకుందంతే. ఆవిడ వచ్చేది మా దగ్గరికి, మా ఆవుల దగ్గరికి, మా కాన్పుల దగ్గరికి. మీరెందుకు కొట్టుకుంటారు?" అంది. ఫాదరు గారు ఇంకో కప్పు టీ అడిగారు.

వాళ్ళు వెళ్ళాక పైకి చూస్తూ కూర్చున్నాను. దూలం మీద మొన్న నాకు కనబడని సంగతి ఒకటి కనబడింది. చివరి మూడు శిలువలూ నావి, చూడగానే తెలుస్తుంది, ఒక్కదానికీ నాలుగు చేతులూ సమానంగా లేవు. వాటికి ముందు ఒక మేకు ఖాళీగా ఉంది. అది మీరు వెళ్ళిన ఏడాదిది, 1953ది. ఆ ఏడాది ఈ ఇంట్లో శిలువ అల్లలేదు. ఎందుకు అల్లలేదో నాకు ఎవరూ చెప్పలేదు. నేను పెళ్ళై వచ్చిన మొదటి పండగ అది. ముందు రోజు సాయంత్రం బయటికి వెళ్ళిన మీరు పొద్దున్న లేచేసరికి కూడా రాలేదు. "బండోరన్‌లో పని కుదిరిందట" అన్నారు మీ తమ్ముడు. నేను నమ్మాను వదినగారూ, అంత తెలివితక్కువదాన్ని. తర్వాత తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళ చూపులు బట్టి, ఏదో నా వల్లే జరిగిందని అర్థమైంది. ఏమిటో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఏదైతే అదైంది, క్షమించండి. తెలియకుండా అడిగే క్షమాపణకి విలువ ఉండదని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

నోరీన్

*

బండోరన్
8 డిసెంబరు 1956

నోరీన్‌కి,

గుడ్డ పెట్టె అడుగున దొరికింది. ఈ పార్సెల్లో ఉంది. నడుముకి చుట్టుకోవాలి, నొప్పులు మొదలైనప్పుడు. తిరిగి పంపనక్కర్లేదు.

పాలు చల్లగా తాగకు, దగ్గు పట్టుకుంటుంది. గోరువెచ్చగా తాగినా కదులుతుంది.

ఎన్.

*

మీనాబ్రాన్
19 డిసెంబరు 1956

వదినగారూ,

పార్సెల్ అందింది. పోస్టుమాన్ సైకిలు దిగకముందే మీ తమ్ముడు లాక్కున్నంత పని చేసి, పరుగులాంటి నడకతో తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఇద్దరం కలిసి విప్పాం. నేను కళ్ళకద్దుకున్నాను. ఆయన పార్సెల్ కాగితం, దారం కూడా పారేయకుండా మడిచి దాచారు.

తర్వాత నేను దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాను.

వదినగారూ, పెళ్ళికి ముందు ఆరేళ్ళు మా కెర్రీ జిల్లా అంతా సైకిలు తొక్కుతూ ఆడపిల్లలకి కుట్టుపని నేర్పినదాన్ని నేను. బట్ట వయసు నాకు తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఏటేటా మంచుకి తడిసి ఎండిన గుడ్డ అంచు ఎలా ఉంటుందో తెలుసు. ఇది బోర్డింగ్ హౌస్ బల్ల మీది చేతిగుడ్డ. అంచున ఉన్న నీలం దారం విప్పేశారు కానీ, సూది పోయిన చిల్లులు అలాగే ఉన్నాయి. టీ ఆకుల నీళ్ళలో నానబెట్టి పాతదాని రంగు తెప్పించారు. ఒక మూల ఇంకా టీ వాసన వస్తోంది.

మొదట కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ తర్వాత, నిజం చెప్పనా, నవ్వొచ్చింది. ఓపిగ్గా కూర్చుని ఆ నీలం దారం ఒక్కో కుట్టూ విప్పుతున్న మిమ్మల్ని తలుచుకున్నాను. లేదని మొదటే చెప్పారు కదా, అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేక ఇంత కష్టపడ్డారు. ఇవ్వనూ లేరు, ఇవ్వకుండా ఉండనూ లేరు. ఇంతకీ నేను చేసిందేమిటి?

మీ తమ్ముడికి ఇది చేతిగుడ్డ అని చెప్పలేదు. ఆయన దాన్ని తలగడ కింద పెట్టుకుంటున్నారు.

కాన్పు దగ్గర పడుతోంది. నాకు గుడ్డ ఇవ్వకపోయినా ఫరవాలేదు. నన్ను తిట్టండి. ఉత్తరం నిండా తిట్టండి. ఏం చేశానో మాత్రం చెప్పండి.

నోరీన్

*

బండోరన్
6 జనవరి 1957

నోరీన్,

ఇవాళ ఆడవాళ్ళ క్రిస్మస్. ఇవాళంతా వంట తామే చేస్తామని ఇక్కడి బ్యాంకు గుమాస్తాలు బయల్దేరి, పన్నెండు గుడ్లు మాడ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. లేకపోతే రాసేదాన్ని కాను.

తిట్టమన్నావు కదా, విను.

మా అమ్మ పోయేనాటికి నాకు పదిహేనేళ్ళు, మానస్‌కి ఆరు. అప్పటి నుంచీ బ్రిజిడ్ పండగ ముందు రోజు సాయంత్రం తుంగ తెచ్చేదాన్ని నేనే. కత్తితో కోయకూడదు, చేత్తో పీకాలి. మోపు కట్టి, ఇంటి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, మూసిన తలుపు ముందు నిలబడి పిలవాలి. "మోకాళ్ళ మీద కూర్చోండి, కళ్ళు తెరవండి, బ్రిజిడ్‌ని లోపలికి రానివ్వండి" అనాలి. లోపలివాళ్ళు "రా తల్లీ రా, నీకోసమే చూస్తున్నాం" అనాలి. అలా మూడుసార్లు అయ్యాకే తలుపు తెరవాలి. ఆరేళ్ళ వెధవ మానస్ పొయ్యి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎంత గట్టిగా అరిచేవాడో తెలుసా? ఆ అరుపు వినడానికే నేను చలికి కొంకర్లు పోతూ తిరిగేదాన్ని. ఆ ఒక్క సాయంత్రం ఆ ఇంట్లోకి వచ్చేది నేను కాదు, నా చేతుల్లో ఉన్నది ఆవిడ.

1953లో నువ్వు కొత్త కోడలివి. పండక్కి వారం ముందే నేను నిర్ణయించుకున్నాను. ఇదే నా ఆఖరుసారి, లోపలికి రాగానే తుంగమోపు నీ చేతిలో పెట్టి, "వచ్చే ఏడు నుంచీ బయట నిలబడేది నువ్వే" అనాలని. మర్నాడు పొద మీంచి తీసి గుడ్డ కూడా నీకే ఇవ్వాలని. ఇంటి పెత్తనం వదులుకోవడం నాకు తేలిక అనుకున్నావా? తేలిక కాదు. అయినా ఆ వారమంతా లోపల్లోపల పాఠం అప్పజెప్పుకున్నాను.

మానస్ ఆవు ఈనుతోందని కొట్టంలో ఉన్నాడు. లోపల నువ్వొక్కదానివే. నేను మొదటిసారి పిలిచాను. లోపల్నుంచి నీ గొంతు వినబడింది: "ఇచ్చేశాం, పై ఇంటికి వెళ్ళండి!"

రెండోసారి పిలిచాను. "చెప్తే అర్థం కాదూ? పొండి!" అన్నావు.

మూడోసారి పిలిచాను నోరీన్. మూడోసారి కూడా పిలిచాను. తలుపు కింద సందులోంచి మూడు పెన్నీల బిళ్ళ దొర్లుకుంటూ వచ్చి నా బూటుకి తగిలింది.

నేను పెరిగిన గుమ్మం. నా చేతుల్లో బ్రిజిడ్. నువ్వు మా ఇద్దరికీ ముష్టి వేసి పొమ్మన్నావు.

మోపు అక్కడే దించేశాను. ఆ రోజు కాసీ ఇంట్లో పడుకుని, ఎవరికీ చెప్పనని ముసల్దాని చేత ఒట్టు వేయించుకుని, పొద్దున్నే పొద మీద గుడ్డ తీసుకుని బస్సెక్కాను. ఆ బిళ్ళ ఇంకా నా పెట్టెలో ఉంది. ఖర్చు పెట్టలేదు.

గుడ్డ నా దగ్గరే ఉంది, పోలేదు. పంపడానికి రెండుసార్లు మడత పెట్టాను, నా వల్ల కాలేదు. అందుకే ఆ చేతిగుడ్డ. నీకు తెలిసిపోతుందని నాకు ముందే తట్టి ఉండాల్సింది.

నాబ్లా

*

మీనాబ్రాన్
11 జనవరి 1957

వదినగారూ, వదినగారూ,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివి, అయ్యో అని గట్టిగా అరిచాను. కొట్టంలోంచి మీ తమ్ముడు నొప్పులనుకుని పార పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

అవి వేషగాళ్ళ కోసం అన్న మాటలు. మీకోసం కాదు.

దేశానికి అటు కొసన ఉన్న మా కెర్రీలో బ్రిజిడ్ పండగ ముందు రోజు సాయంత్రం తలుపు తట్టేది ఇంటి మనిషి కాదు వదినగారూ. మా వైపు ఆ రోజు వేషగాళ్ళు తిరుగుతారు. ముఖాలకి గడ్డి ముసుగులు, తిరగేసి తొడిగిన కోట్లు, ఒక కర్రకి గుడ్డలు చుట్టి చేసిన బ్రిజిడ్ బొమ్మ. మగాళ్ళే ఆడవేషం కట్టి, గొంతు మార్చి "బ్రిజిడ్ వచ్చింది, తలుపు తీయండి" అంటారు. డబ్బులిచ్చేదాకా కదలరు. చిన్నప్పుడు ఒకడు ముసుగు నా ముఖం దగ్గర పెట్టి అరిచాడు, అప్పటి నుంచీ నాకు వాళ్ళంటే చచ్చేంత భయం. ఆ రోజు నేను ఇంట్లో ఒక్కదాన్నే. పెళ్ళై రెండు నెలలు. చీకటి పడుతోంది, గాలి హోరు. బయట ఎవరో ఆడగొంతుతో రాగం తీస్తూ బ్రిజిడ్ అన్నారు. మీరు రోజూ మాట్లాడే గొంతు కాదది. మావైపు లాగే ఇక్కడా వేషగాళ్ళు తిరుగుతారనుకున్నాను. గడియ వేసి, పొయ్యి కడ్డీ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఆఖరికి నా దగ్గరున్న ఒకే ఒక్క బిళ్ళ విసిరాను.

ఆ తర్వాతి ఏళ్ళలో బయట నిలబడడానికి ఆడపిల్ల లేదని మీ తమ్ముడే తుంగ తెచ్చి మాట్లాడకుండా బల్ల కింద పెట్టేవారు. అల్లడం కాసీ నేర్పింది. తలుపు సంగతి ఎవరూ చెప్పలేదు. కాసీని ఇందాక నిలదీశాను. "ఒట్టు వేశానే, నాలుక కోసుకోమంటావా?" అని ఏడ్చింది.

మీ తమ్ముణ్ణీ అడిగాను. కొట్టంలోంచి వచ్చేసరికి గుమ్మం ముందు మోపు పడి ఉందట. "మరి నన్ను ఎందుకు అడగలేదు?" అన్నాను. పార గోడకి ఆనించి, "అడిగితే నువ్వూ వెళ్ళిపోతావేమో అనుకున్నా" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నాతో అన్న అతి పెద్ద మాట ఇది.

మోపు చేతికిచ్చి ఆ మాట అందామనుకున్నారా వదినా? వారం రోజులు పాఠం అప్పజెప్పుకున్నారా? నేను లోపల కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మనిద్దరి మధ్య ఉన్నది రెండంగుళాల చెక్క.

రండి. ఈ ఏడు రండి. మీరు పిలవండి, నేను పలుకుతాను. ఊరంతా వినేలా పలుకుతాను.

మీ నోరీన్

*

బండోరన్
17 జనవరి 1957

ఓసి కెర్రీ పిల్లా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. గడ్డి ముసుగుల దగ్గరికి వచ్చేసరికి నవ్వు మొదలైంది, ఆగలేదు. కూర మాడింది. మా ఇంటావిడ వచ్చి, "నాబ్లా, నువ్వు నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?" అంది. "నన్ను మగాణ్ణి అనుకున్నారండీ" అన్నాను. ఆవిడ వెంటనే నాకు సెలవిచ్చేసింది, పిచ్చి పట్టిందనుకుని.

నాలుగేళ్ళు. ఒక్క మాట, "ఒసేయ్, నేనే" అని తలుపు మీద గుద్దితే సరిపోయేది. నాకు నోరు లేకనా? నా నోరు సంగతి నీకు ఈ పాటికి తెలిసే ఉంటుంది. కానీ ఆవిడగా నిలబడి నాబ్లాలా అరవకూడదనుకున్నాను. ఆ తర్వాత నాబ్లాగా నాకు పొగరు అడ్డం వచ్చింది.

గుడ్డ ఇదుగో. ఈసారి వెలుతురులో ఎంత సేపైనా పట్టుకు చూసుకో. మూల దగ్గర రఫూ మా అమ్మ చేతిది. మానస్ పుట్టినప్పుడు మంత్రసాని దీన్ని అమ్మ నడుముకి చుట్టడం తలుపు సందులోంచి చూశాను, నాకు తొమ్మిదేళ్ళు. ఇక్కడికి వచ్చాక కూడా ఒక్క ఏడూ మానలేదు. జనవరి 31 సాయంత్రం పెరట్లో తీగ మీద వేసేదాన్ని. "వాన వస్తుందే" అని ఇంటావిడ అంటే "తడవడానికే" అనేదాన్ని. ఎవరి కోసం తడుపుతున్నానో నన్ను నేను అడగలేదు.

ఈ ఏడు మాత్రం దాన్ని బయట వేయకు. నీ దగ్గరే ఉంచుకో. అది ఉండాల్సిన చోటు అదే.

31న మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. తుంగ దారిలో నేనే పీకుతాను. నువ్వు లోపల కుర్చీలో కూర్చో, ఆ పొట్టతో మోకాళ్ళ మీద కూర్చున్నావంటే చంపుతాను. వెన్న వేసి మెదిపిన బంగాళాదుంపలు పెద్ద గిన్నెడు చేసి పెట్టమని మానస్‌తో చెప్పు. వాడికి వచ్చు, నేనే నేర్పాను.

మూడుసార్లు పిలుస్తాను. ఏమనాలో తెలుసు కదా?

మీ వదిన
నాబ్లా

*

మన ఇంటి తలుపు
31 జనవరి 1957, పొద్దున్న

వదినా,

నొప్పులు వచ్చేశాయి, ఐదు రోజులు ముందే. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బడిపంతులుగారు కారు తెచ్చారు. మీ తమ్ముడు హారన్ మోగిస్తున్నారు, ఆయనకి కారు నడపడం రాదు, హారన్ ఒక్కటే వచ్చు. కాసీ కూడా నాతో వస్తోంది. సాయంత్రం మీరు వచ్చేసరికి ఇంట్లో పలికేవాళ్ళు ఉండరు. అందుకని ఇప్పుడే పలికేస్తున్నాను.

రా తల్లీ రా, నీకోసమే చూస్తున్నాం.
రా తల్లీ రా, నీకోసమే చూస్తున్నాం.
రా తల్లీ రా, నీకోసమే చూస్తున్నాం.

గడియ వేయలేదు. గుడ్డ నా నడుముకే ఉంది. భయంగా ఉంది వదినా.

నోరీన్

*

మీనాబ్రాన్, మన ఇల్లు
1 ఫిబ్రవరి 1957, బ్రిజిడ్ పండగ

నోరీన్ తల్లీ,

ఈ ఉత్తరం నర్సు చదివి వినిపిస్తుంది, నువ్వు లేవకు. మానస్ మధ్యాహ్నం మళ్ళీ ఆసుపత్రికి వస్తున్నాడు, వాడి చేతికే ఇస్తున్నాను.

బస్సు ఆలస్యమైంది. కొండ కింద దిగి తుంగ పీకేసరికి వెలుతురు పోతోంది. మూడు ప్రదక్షిణాలూ చేశాను. కిటికీలో దీపం లేదు, పొగగొట్టంలో పొగ లేదు. పడుకున్నారేమో అనుకున్నాను. మొదటిసారి పిలిచాను, చప్పుడు లేదు. రెండోసారి పిలిచాను, చప్పుడు లేదు. నీ దగ్గర దాచడమెందుకు, ఆ పాత కోపం కాళ్ళ దగ్గర్నుంచి గొంతు దాకా లేచింది. మోపు దించేసి బస్సు దగ్గరికి వెళ్ళిపోదామనిపించింది. ఒంటి చేత్తో మోపు సర్దుకుంటుంటే, రెండో చెయ్యి కాగితానికి తగిలింది. నాలుగు మూలలా కుట్టు సూదులు గుచ్చి పెట్టావు. ఆ నొప్పుల్లో నాలుగు సూదులు ఎక్కడ వెతికావే పిచ్చిదానా!

ఆ మసక వెలుతురులో కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చదివాను. తర్వాత మూడోసారి పిలిచి, నీ జవాబు నేనే పైకి చదివాను, మూడుసార్లూ, నీ కెర్రీ యాసలో. ఆ తర్వాత తలుపు తోసుకుని మన ఇంట్లోకి వచ్చాను.

పొయ్యి వెలిగించాను. దుంపలు ఉడికించి, వెన్న వేసి మెదిపి, కాసీతో, బ్రిజిడ్‌తో కలిపి ఐదుగురికి కంచాలు పెట్టి ఒక్కదాన్నే తిన్నాను. శిలువలు రెండు అల్లాను. ఒకటి ఈ ఏటిది, ఒకటి ఖాళీ మేకుకి. నీ మూడు వంకర శిలువలూ చూశాను. వాటిని తీయనివ్వను, కానీ వచ్చే ఏడు నా పక్కన కూర్చుని అల్లు.

పొద్దున ఆవు పాలు పిండుతుంటే మానస్ వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదు వాడికి. నన్ను చూసి, కొట్టం గుమ్మంలో నిలబడి, "ఆడపిల్ల. ఇద్దరూ బావున్నారు" అన్నాడు. తర్వాత ఆరేళ్ళ వాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆవు మా ఇద్దర్నీ చూసి పాలు ఆపేసింది.

పిల్లకి నా పేరు పెడతానన్నావట. వద్దు, అది అలిగి బస్సెక్కే పేరు. బ్రిజిడ్ అని మాత్రం అసలు వద్దు, ఈ ఊళ్ళో ఆ పేరు పెట్టి పిలిస్తే పదకొండు మంది పలుకుతారు. మీ ఇద్దరూ కలిసి ఏదైనా మంచి పేరు చూడండి.

మానస్ దగ్గర ఒక మూడు పెన్నీల బిళ్ళ పంపుతున్నాను. పుట్టిన బిడ్డ గుప్పిట్లో బిళ్ళ పెట్టడం మా వైపు ఆనవాయితీ, మీ వైపూ ఉండే ఉంటుంది. ఎక్కడిదని అది పెద్దయ్యాక అడిగితే, వాళ్ళమ్మ తలుపు కింద నుంచి విసిరిందని నేనే చెబుతాను.

బోర్డింగ్ హౌస్‌కి తిరిగి వెళ్ళాలి, ఇంటావిడకి నెల రోజులు ముందు చెప్పాలి కదా. నెల కాగానే పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. పై అటకగది నాది. దాంట్లో ఉల్లిపాయలు పోసినట్టున్నారు, తీయించు.

ఇంకొక్క మాట. అమ్మ గుడ్డ నీ ఒంటి మీద ఉంది కదా, నిన్న సాయంత్రం పొద మీద వేయడానికి ఇంట్లో ఏమీ లేదు. పండగ పూట పొద ఖాళీగా ఉంచడం నాకు నచ్చలేదు. మానస్ తలగడ కింద నేను పంపిన ఆ దొంగ చేతిగుడ్డ దొరికింది. పట్టుకెళ్ళి వేశాను. పొద్దున చూస్తే మంచుకి తడిసి బరువుగా ఉంది, టీ వాసన కూడా పోయింది. ఆరబెట్టి ఉయ్యాల్లో పరిచాను. ఏడేళ్ళు వరసగా వేస్తే పూర్తి బలం వస్తుందని అమ్మ అనేది. దానికీ పిల్లకీ ఇది మొదటి ఏడు. ఏడో ఏట తుంగమోపు పట్టుకుని గుమ్మం బయట పిల్లే నిలబడుతుంది. లోపల నువ్వూ నేనూ మోకాళ్ళ మీద కూర్చుని పలుకుదాం.

మీ వదిన,
నాబ్లా